బొత్తం లేని స్వరగుచ్ఛం

హార్మోనియం మీరు చూసే ఉంటారు. పద్యనాటకాలలో ఒక చేత్తో తిత్తి ఊదుతూ, రెండో చేత్తో మెట్లు నొక్కుతారు. దానికి దగ్గరి చుట్టమే అకార్డియన్. రెండింటిలోనూ గాలి తాకిడికి సన్నని లోహపు నాలుకలు కంపించి ధ్వని పుడుతుంది. 1829లో వియన్నా నగరంలో సిరిల్ డెమియన్ అనే ఆయన అకార్డియన్ అన్న పేరుతో ఒక వాద్యానికి పేటెంటు పొందాడు.

నేటి పియానో అకార్డియన్‌లో కుడిచేతికి మెట్లు, ఎడమచేతికి చిన్న చిన్న బొత్తాలు ఉంటాయి. పెద్ద వాద్యంలో ఆ బొత్తాలు 120! వాయించేవారికి అవి కనబడవు. వేళ్లతో తడిమి గుర్తుపట్టవలసిందే. అందుకే 'సి' బొత్తం మీద చిన్న గుంట పెడతారు. ఆ 'సి'ని మనం 'స' అనుకుందాం. మిగతావి శంకరాభరణ రాగ స్వరాలు.

బొత్తాలు 20 వరసలు, వరసకు 6. మొదటి రెండూ ఒంటి మంద్రస్వరాలు. తక్కిన నాలుగూ స్వరగుచ్ఛాలు, అంటే కార్డులు. వీటిలో ఒక్క బొత్తం నొక్కితే చాలు, మూడు స్వరాలు కలిసి మోగుతాయి. 'స' మేజర్ బొత్తం నొక్కితే స గ ప పలుకుతాయి. మైనర్, సెవెంత్, డిమినిష్డ్ అనేవి మిగిలిన మూడు రకాలు.

మరి 'స గ ప ని' అనే నాలుగు స్వరాల గుచ్ఛం కావాలంటే? దానికి బొత్తం లేదే!

ఇక్కడే ఉంది కిటుకు. 'గ' మైనర్ బొత్తంలో గ ప ని ఉన్నాయి. దానితోపాటు 'స' మంద్రస్వరం నొక్కండి. స గ ప ని వచ్చేసింది! దీన్ని మేజర్ సెవెంత్ అంటారు. అలాగే 'స' మేజర్ కింద 'ద' చేర్చితే ద స గ ప అవుతుంది. ఇది మైనర్ సెవెంత్. పైనున్న మూడు స్వరాలూ మారలేదు. అడుగున ఒకటి చేరేసరికి మొత్తం స్వభావమే మారిపోయింది.

రెండు కార్డులను కూడా కలపవచ్చు. స గ ప, ప ని రి కలిస్తే ఎన్ని స్వరాలు? ఆరు అనకండి, ఐదే! బొత్తాల వెనుక ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క కడ్డీ ఉంటుంది. ఒకే 'ప' కడ్డీని రెండు బొత్తాలు కదిపినా, తెరుచుకునేవి అవే రంధ్రాలు. కనుక 'ప' రెట్టింపు కాదు.

అయితే బొత్తాలు దొరికాయి కదా అని అన్నీ నొక్కకూడదు. ఎక్కువ నాలుకలు మోగితే ఎక్కువ గాలి ఖర్చవుతుంది. తిత్తి త్వరగా అయిపోతుంది. పైగా మంద్రస్థాయిలో స్వరాలు మరీ దగ్గరగా ఉంటే ధ్వని గరగరమంటుంది. అందుచేత నేర్పరి కావలసినవే ఎంచుకుంటాడు.

మీ బడిలో హార్మోనియం ఉంటే స గ ప నొక్కి ఉంచి, కింది స్థాయి 'ద'ను కలిపి వినండి. తేడా మీ చెవే చెబుతుంది.

ఇక మీకొక ప్రశ్న: 'రి' మైనర్ అంటే రి మ ద. దాని కింద 'ని' మంద్రస్వరం చేర్చితే ఏ గుచ్ఛం వస్తుంది? అందులో ఎన్ని స్వరాలుంటాయి? కాగితం మీద రాసి చూడండి.