మీకు తెలుసా? బొబ్బిలిలో రాజాగారు ఓడిపోయారు

భిలాయిలో స్థిరపడిన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు సమతా ఎక్స్‌ప్రెస్ సొంతూరి బండి. దుర్గ్‌లో ఎక్కితే రాయగడ, పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. 1937 ఎన్నికల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి ఓడిపోయింది ఆ బొబ్బిలిలోనే అని మీకు తెలుసా? (ముఖ్యమంత్రిని అప్పట్లో ప్రధానమంత్రి అనేవారు.)

ఆయన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1936లో కొన్ని నెలలు తప్పిస్తే 1932 నుంచీ పదవి ఆయనదే. పైగా ఊరూ, జమీందారీ కూడా ఆయనవే. అలాంటి చోట పోటీకి కాంగ్రెస్ ఎవరిని నిలబెట్టింది? మరో జమీందారును కాదు, వి.వి. గిరిని. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన మనిషి. 1928లో ఆ కార్మికుల చేత అహింసగా సమ్మె చేయించి గెలిపించారు. భిలాయి మీదుగా పోయే హౌరా లైనూ, రాయ్‌పూర్ నుంచి బొబ్బిలి మీదుగా విజయనగరం చేరే లైనూ ఆ కంపెనీవే!

అప్పుడు అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు చూసి ఇచ్చేవారు. అయినా ఓటర్లలో అక్షరం రానివాళ్లు చాలామందే. అందుకే మద్రాసులో రంగుల పెట్టెలు పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. పేరు చదవనక్కర్లేదు, రంగు చూసి చీటీ వేస్తే చాలు. జమీందారీ రైతుకు అంతకన్నా సులువైన తిరుగుబాటు ఉంటుందా?

గిరి గెలిచారు. 215 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. జూలైలో రాజాజీ మంత్రివర్గంలో ఆయన కార్మిక, పరిశ్రమల మంత్రి, 1969లో రాష్ట్రపతి. రాజాగారూ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఇక మన దుర్గ్ సంగతి. భిలాయి అప్పటికి పల్లె, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1959లో. కానీ అవే ఎన్నికల తర్వాత నాగపూర్‌లోని సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ శాసనసభకు స్పీకర్ అయింది దుర్గ్ వకీలు ఘనశ్యామ్ సింగ్ గుప్తా. రాజ్యాంగం హిందీ అనువాద కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. స్పీకర్ కుర్చీ 1952 దాకా ఆయనదే.