కావలి కెమెరాల బ్యాటరీ: మాసముల లెక్క

పట్టణములందును పెద్ద గ్రామములందును ఇప్పుడు వాకిలి గోడలమీద పిడికెడంత తెల్లని పెట్టెలు కనబడుచున్నవి. ఇవి తీగ లేని కావలి కెమెరాలు. గోడకు రెండు మరలు బిగించిన చాలును. తీగ లాగనక్కరలేదు, విద్యుత్తు పనివానిని పిలువనక్కరలేదు. వాకిట మనుష్యుడు కదలిన యెడల కెమెరా మేల్కొని, దృశ్యమును పట్టి, యింటి వైఫై మూలమున యజమాని ఫోనునకు పంపును. బిడ్డలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉద్యోగములు చేయుచుండగా ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల యిండ్లకును, తాళము వేసిన యిండ్లకును, ఊరికి దవ్వుగానున్న మామిడితోటలకును, మోటారు కొట్టములకును జనులు వీనిని కొనుచున్నారు. మంచె మీద కూర్చుండు కావలివాడు దొరకుట దుర్లభమైన యీ దినములలో ఇట్టి సాధనమును కోరుట సహజమే. దానిని మేము తప్పుపట్టుట లేదు.

చిక్కు బ్యాటరీతో వచ్చుచున్నది. పెట్టెమీద 'ఆరు మాసముల వరకు' అని అచ్చువేసి యుండును. తెచ్చి బిగించిన మూడు వారములకే బ్యాటరీ అడుగంటును. మరల నింపి పెట్టుదురు. మరల నట్లే యగును. కొన్నాళ్లకు నిచ్చెన యెక్కి దింపు ఓపిక నశించి, కెమెరాను గోడమీదనే వదలివేయుదురు. ఇందలి యపాయమును పాఠకులు గుర్తింపవలెను. ఫోనునకు చిత్రము రాకుండుట రెండు కారణములచే జరుగవచ్చును. వాకిట ఎవరును తిరుగకున్నను రాదు. కెమెరా ఆరిపోయినను రాదు. దూరమందున్న కుమారునికి రెండును ఒక్కటిగానే తోచును. బ్యాటరీ తరిగినదని హెచ్చరిక వచ్చుట నిజమే. కాని దినమునకు నూరు సందేశములు వచ్చు ఫోనులో దానిని చదువువారెందరు? దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, అవసరము తీరిన పిమ్మట కెమెరా సంగతి బయటపడుచున్నది.

ఈ లోపము కొనువానిదా, అమ్మువానిదా? ఉత్తరము చెప్పవలెనన్న ఆ పెట్టెలో జరుగు పని యేమో ముందుగా తెలియవలెను.

బ్యాటరీ కెమెరా నిరంతరము చూచునది కాదు. దినములో అధికభాగము అది నిద్రావస్థలోనే యుండును. దాని ముఖభాగమున పరారుణ గ్రాహకము అను చిన్న పరికరమొకటి మాత్రము మేలుకొనియుండును. వేడిగల దేహము దానియెదుట అడ్డముగా కదలినపుడు దానిపై బడు ఉష్ణకిరణములలో మార్పు కలుగును. ఆ మార్పే మేలుకొలుపు. గ్రాహకము వాడు విద్యుత్తు అత్యల్పము. అది లేపిన తరువాత పనిచేయు చిత్రయంత్రము, దృశ్యమును కుదించు చిప్పు, వైఫై ప్రసారము, ఈ మూడే బ్యాటరీని త్రాగునవి. కావున బ్యాటరీ ఎన్నాళ్లు వచ్చునను ప్రశ్న నిజమునకు కెమెరా దినమునకు ఎన్ని పర్యాయములు మేల్కొనునను ప్రశ్నయే.

ఒక లెక్క వేసి చూతము. 5,200 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ, 3.7 వోల్టులది, ఒక కెమెరాలో నున్నదనుకొందము. దానిలో నిలువయుండు శక్తి సుమారు 19 వాట్ గంటలు. మేల్కొనినపుడు కెమెరా 1.5 వాట్లును, నిద్రలో దినమంతటికి 0.12 వాట్ గంటలును వాడుననుకొందము. దినమునకు 10 పర్యాయములు, పర్యాయమునకు 20 సెకండ్ల చొప్పున మేల్కొనిన, దినవ్యయము సుమారు 0.2 వాట్ గంట; బ్యాటరీ మూడు మాసములు వచ్చును. అదే కెమెరా దినమునకు 100 పర్యాయములు మేల్కొనిన దినవ్యయము 0.95 వాట్ గంట; బ్యాటరీ 20 దినములకే సరి. కెమెరా మారలేదు, బ్యాటరీ మారలేదు. దాని ముందరి వీధి మాత్రమే మారినది. అమ్మువాడు నిర్జనమైన పెరటిని తలచి మాసములు లెక్కించెను. కొన్నవాడు బస్సులు తిరుగు రోడ్డు వైపు దానిని బిగించెను. పెట్టెమీది యంకెకును అనుభవమునకును గల యంతరమునకు ముఖ్యకారణమిదియే.

వృథాగా మేల్కొల్పునవి మన వాకిళ్లలో అనేకములు. ఎండకు కాగిన గోడముందు ఊగు కొబ్బరిమట్ట యొకటి. వీధికుక్కలు, పశువులు, కాగిన ఇంజనులతో పోవు లారీలు మరికొన్ని. ఏసీ యంత్రము బయటికి వదలు వేడిగాలి వేరొకటి. కొన్ని కెమెరాలలో 'మనుష్యులను మాత్రమే తెలుపుము' అను ఏర్పాటు కలదు. దానిని పెట్టుకొని బ్యాటరీ మిగులునని పలువురు నమ్ముచున్నారు. వచ్చినది మనుష్యుడో మ్రానో తెలిసికొనుటకే పెక్కు కెమెరాలు ముందు మేల్కొని చూడవలెను. అట్టివానిలో యజమానికి సందేశము తప్పును గాని బ్యాటరీకి ఖర్చు తప్పదు.

రెండవ కారణము బలహీనమైన వైఫై. రూటరు నడింటిలో నుండును. కెమెరా రెండు మందపు గోడల కావల ప్రహరీమీద నుండును. సంకేతము క్షీణించినకొలది ప్రసారవేగము తగ్గును. చేరని భాగములను మరల మరల పంపవలసివచ్చును. పది సెకండ్లలో తీరవలసిన పనికి ప్రసారిణి అంతకు పెక్కురెట్లు మేలుకొనియుండును. కొన్ని కెమెరాల యాప్‌లో ఈ సంకేతబలము అంకెలలో కనబడును. మైనస్ 60 డీబీఎం, అంతకు మేలైనచో మంచిది. మైనస్ 70 దాటి క్షీణించినచో బ్యాటరీ త్వరగా అడుగంటును. రూటరును కొంచెము జరుపుట, మధ్యలో వైఫై విస్తరిణి నొకదానిని పెట్టుట, కొత్త బ్యాటరీ కొనుటకంటె చౌకయైన చికిత్స.

మూడవది రాత్రికాలము. చీకటిలో చూచుటకు కెమెరా తన పరారుణ దీపములను వెలిగించును. ఆ కాంతి మన కంటికి దాదాపు తెలియదు గాని బ్యాటరీకి తెలియును. తెల్లని వెలుగు వెదజల్లు దీపముగల కెమెరాలలో ఖర్చు మరింత హెచ్చును. వాకిట చిన్న వీధిదీపమున్నచో ఈ భారము తగ్గును. నాలుగవది యజమాని చాపల్యము. దూరదేశమందున్నవారు అమ్మ వాకిట కూర్చున్నదా, తులసికోటకు నీరు పోసినదా యని ఊరక తెరచి చూచుచుందురు. వారి ప్రేమను మేము కాదనము. అయినను పదినిమిషములు ప్రత్యక్షముగా చూచుట యనగా 20 సెకండ్ల మేల్కొలుపులు 30 ఒక్కసారి జరిగినట్లు. అట్టి దర్శనమునకు వీడియో పిలుపు మేలు. తల్లితో మాటయు దక్కును.

ఐదవ కారణము మన దేశపు ఎండ. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ మొదట విపణికి తెచ్చినది. దానికి మూలమైన కృషికి జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అను శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. అది యెంత గొప్పదైనను వేడికి ఓర్వదు. సామాన్యముగా ఇట్టి బ్యాటరీలను 45 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిలో నింపరాదని తయారుదారులు విధింతురు; కెమెరాలోని రక్షణచక్రము అట్టి సమయమున నింపుటను ఆపివేయును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో నీడలోనే పాదరసము 45 డిగ్రీల చెంతకు పోవుట కలదు. పడమటి గోడమీద, నేరుగా ఎండ తగులు పెట్టె లోపలి సంగతి చెప్పనేల? కావుననే సూర్యఫలకము గల కెమెరాలు సైతము సూర్యుడు ప్రచండుడై యున్న మధ్యాహ్నముననే విద్యుత్తును గ్రహింపక ఊరకుండుట తటస్థించును. కొన్నవాడు ఫలకము పాడైనదని తలచును. ఆషాఢ శ్రావణములలో మేఘములు కమ్మును. అపుడు నింపుటకు వెలుగే చాలదు. ఫలకమునకు ఎండ తగులవలెను, కెమెరాకు నీడ కావలెను. ఈ రెంటిని వేరుచేసి, ఫలకమును దక్షిణముఖముగా కొంచెము వాల్చి, కెమెరాను చూరుక్రింద బిగించుట మన ప్రాంతమునకు తగిన పద్ధతి. ఫలకముపై ధూళిని పదిహేను దినముల కొకసారి తుడువవలెను.

వేడివలన మరియొక చిక్కు కలదు. పరిసరముల వేడి దేహపు వేడితో సమానమైనపుడు ఉష్ణభేదమును చూచి మేల్కొను గ్రాహకమునకు మనుష్యుడు స్పష్టముగా తెలియడు. వైశాఖపు మధ్యాహ్నమున కెమెరా మనుష్యుని పట్టలేదని యజమాని దాని సున్నితత్వమును పెంచును. దానిని తగ్గించుట మరచిపోవును. సాయంకాలము గాలి వీచుటతో ప్రతి కొమ్మయు దానిని లేపును. అమెరికాలో చికాగో, మిన్నియాపోలిస్ వంటి శీతలనగరములలో కాపురమున్న తెలుగువారికి దీనికి విపర్యయమైన బాధ కలదు. సున్న డిగ్రీలకు తక్కువైన చలిలో ఈ బ్యాటరీని నింపరాదు. నింపినచో లోహరూపమున లిథియము పేరుకొని బ్యాటరీ శాశ్వతముగా చెడును. అచ్చట శీతకాలమున బ్యాటరీని ఇంటిలోనికి తెచ్చి, వెచ్చబడిన పిమ్మట నింపవలెను.

ఇన్ని కారణములను చదివిన పాఠకుడు, దోషమంతయు వాడువానిదే యని మేము చెప్పుచున్నామని తలపవచ్చును. అట్లు కాదు. వాడువాని దోషములు కొన్ని కలవు. కాని తెలియనివానికి తెలుపవలసిన భారము అమ్మువానిది. 'ఆరు మాసముల వరకు' అను మాటలో 'వరకు' అను పదమే విక్రేతకు కవచము. దినమునకు ఎన్ని మేల్కొలుపులు, ఒక్కొక్కటి ఎన్ని సెకండ్లు, వైఫై ఎంత బలముగా నున్నపుడు, ఎంత వేడిలో, రాత్రి పగలు ఏ పాళ్లలో అను షరతులు లేని మాసముల లెక్క కొలత కాదు. ధాన్యము కొనువాడు బస్తాల సంఖ్యతో తృప్తిపడడు. బస్తాకు ఎన్ని కిలోలని యడుగును. ఇచ్చటను అట్లే యడుగవలెను.

ఇట్టి న్యాయము మనకు క్రొత్త కాదు. 2001 నాటి శక్తి పరిరక్షణ చట్టము ననుసరించి 2002లో ఏర్పడిన శక్తి సామర్థ్య సంస్థ 2006 నుండి నక్షత్రముల గుర్తును ప్రవేశపెట్టినది. రిఫ్రిజిరేటరు తలుపుమీద సంవత్సరమునకు ఎన్ని యూనిట్లు ఖర్చగునో నేడు సామాన్య గృహిణి చదివి కొనుచున్నది. ఒకే విధమైన పరీక్ష, ఒకే విధమైన చీటీ యుండుటచేతనే అది సాధ్యమైనది. బ్యాటరీ కెమెరాలకును అట్టి చీటీ యుండవలెనని మా యభిప్రాయము. అందు బ్యాటరీ శక్తిని వాట్ గంటలలో తెలుపవలెను. దినమునకు 10, 50, 100 మేల్కొలుపులకు ఎన్ని దినములు వచ్చునో వేర్వేరుగా తెలుపవలెను. ఏ యుష్ణోగ్రతల నడుమ నింపవచ్చునో తెలుపవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, ముఖ్యమైన సమాచారమును బుద్ధిపూర్వకముగా దాచిన ప్రకటనను సైతము తప్పుదారి పట్టించు ప్రకటనగా నిర్వచించినది. అట్టివానిపై చర్య గైకొనుటకు 2020లో కేంద్ర ప్రాధికార సంస్థయు ఏర్పడినది. చట్టము కలదు, సంస్థ కలదు. అడుగువారు కావలెను.

అంతవరకు ప్రజలు చేయదగినది కొంత కలదు. మొదట, తమకు కావలసినది బ్యాటరీ కెమెరాయేనా యని విచారింపవలెను. తీగ లాగ వీలున్నచోట తీగయే శ్రేష్ఠము. ఒకే ఈథర్‌నెట్ తీగ మూలమున 100 మీటర్ల దూరము వరకు విద్యుత్తును దృశ్యమును కలిపి నడుపు పద్ధతి 2003 నుండియు ప్రమాణముగా నున్నది. దుకాణములు, కల్యాణమండపములు, ఆసుపత్రులు నడుపువారికి మరియొక మాట. నూరుగురు, అంతకు మించి జనులు చేరు స్థలములలో కెమెరాలు పెట్టి 30 దినముల దృశ్యములను భద్రపరచవలెనని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో ప్రజాభద్రతా చట్టము చేయబడినది. నిద్రించుచు లేచుచు చిత్రములు తీయు కెమెరా అట్టి బాధ్యతకు చాలదు. బ్యాటరీ కెమెరాకు తగిన స్థానము పెరటి సందు, గోదాము తలుపు, తోటలోని మోటారు కొట్టము. అనగా జనసంచారము తక్కువయై, వచ్చిన ప్రతివాడును చూడదగినవాడైన చోటు.

రెండవది, కెమెరాను రోడ్డు కనబడకుండ క్రిందికి వంచి, మనుష్యుడు దాని యెదుట అడ్డముగా నడచునట్లు బిగింపవలెను. యాప్‌లో చలనము చూడవలసిన భాగమును మాత్రమే గుర్తింపవలెను. మూడవది, నింపిన అదనపు బ్యాటరీ నొకదానిని ఇంట నుంచవలెను. ఒకటి దించగనే మరియొకటి యెక్కవలెను. నాలుగవది, వారమునకు ఒక దినము నియమించుకొని, ఇంటివారిలో నొకరు కెమెరాముందు నడచి, దూరమందున్నవారి ఫోనునకు చిత్రము చేరినదా యని అడిగి తెలిసికొనవలెను. ఇది ఒక నిమిషపు పని. ఆరిపోయిన కెమెరాను వారము దాటకుండ కనిపెట్టుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. చివరకు ప్రాతబడిన బ్యాటరీలను చెత్తకుండీలో పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు వానిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపినవి.

కావలివానికి కూలి యిచ్చు యజమాని వాడు రాత్రి మేలుకొని యున్నాడో లేదో అపుడపుడు లేచి చూచును. ఈ కావలికిని కూలి బ్యాటరీ రూపమున ఇచ్చుచునే యున్నాము. మన తల్లిదండ్రుల రక్షణను, మన యాస్తిని దాని చేతిలో పెట్టినప్పుడు, అది యెంత తినును, ఎప్పుడు నిద్రించును అను లెక్కను అమ్మువానినుండి వ్రాతమూలకముగా కోరుట మన హక్కు. వారమున కొకసారి ఆ లెక్క సరిచూచుట మన విధి.