మిల్లు లెక్క ఎవరి కంట పడుతుంది?

మార్కెట్ యార్డులో టెండరు పద్ధతి ఎరిగిన వర్తకులకు ఈ సంగతి కొత్త కాదు. చీటీ పెట్టెలో పడిన తరువాత, తెరిచే వేళ వరకు అందులోని రేటు రాసినవారికే పరిమితం. ప్రభుత్వ శాఖలు, పరిశోధన సంస్థలు 'రిస్ట్రిక్టెడ్ డేటా' అని పేర్కొనే సమాచారం కూడా ఇటువంటిదే. దానిని ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి, దేనికి వాడాలి అన్న విషయాలకు ముందే హద్దులు ఏర్పడి ఉంటాయి.

అమెరికాలో 1946 నాటి అణుశక్తి చట్టం ఈ మాటను అణు రహస్యాలకు వాడింది. మన దేశంలో 2012లో కేంద్రం ప్రకటించిన సమాచార పంపిణీ విధానం దీనికి విస్తృతమైన అర్థమిచ్చింది. ఆ విధానం ప్రకారం కొన్ని లెక్కలు అందరికీ లభ్యం, కొన్ని పేరు నమోదు చేసుకున్నవారికి, మిగిలినవి అనుమతి పొందినవారికే. సూర్యాపేట యార్డు ధాన్యం ధర మొదటి కోవలోనిది; దానిలో దాపరికం లేదు.

చిక్కు వచ్చేది మిర్యాలగూడ, కోదాడ మిల్లర్ల బస్తాల లెక్కతోనే. ఒకే గోదాములోని సరుకు లెక్కను వేర్వేరు శాఖలు వేర్వేరు అవసరాలకు అడుగుతాయి. పరిశ్రమల వార్షిక సర్వేకు ఎంపికైన మిల్లు ఇచ్చే వివరాలకు 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. వాటిని గణాంకాలకే వాడాలి. మిల్లు గుర్తు తెలిసేలా ప్రచురించరాదు. పరిశోధకులకు ఇచ్చినా పేరు, చిరునామా తొలగించాలి. ఆ చట్టం కింద నేరాలకు తప్ప మరే కేసులోనూ ఆ పత్రం సాక్ష్యం కాజాలదు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం అడిగిన లెక్క వేరు. బియ్యం, ధాన్యం నిల్వలను ప్రతి శుక్రవారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలని వర్తకులను, మిల్లర్లను ఆదేశించింది. నూక, పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, బాస్మతి, ధాన్యం, ఇలా రకాలవారీగా చూపవలసి వచ్చింది. ఇది ధరల అదుపు కోసం అడిగిన లెక్క. దీనికి గణాంకాల చట్టపు రక్షణ వర్తించదు. పైగా నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద పుస్తకాలు, గోదాములు తనిఖీ చేయించే అధికారం ప్రభుత్వానికి కలదు. ఫారం పూర్తి చేసే గుమాస్తా ముందుగా చూడవలసినది అది ఏ చట్టం కింద వచ్చిందన్నదే. చాలా చోట్ల అది చూడకుండానే సంతకం పడిపోతుంది.

పక్క మిల్లువారు సమాచార హక్కు చట్టం కింద అడిగితే? వెల్లడి వలన పోటీలో నష్టం కలిగే వాణిజ్య వివరాలను నిరాకరించేందుకు 2005 నాటి ఆ చట్టం వీలు కల్పించింది. అయితే విస్తృత ప్రజా ప్రయోజనం ఉన్నదని అధికారి భావిస్తే ఇవ్వవలసిందే. బ్రోకర్లు దీనిని గట్టి గోడగా భావించరాదు.

కొన్ని లెక్కలకు ఆంక్ష గడియారం వరకే. పంట అంచనా విడుదలకు ముందు ఒక్కరికి పొక్కినా మిగతా బజారు మునుగుతుంది. 1905లో అమెరికా వ్యవసాయ శాఖలో ఎడ్విన్ హోమ్స్ అనే గణాంక ఉద్యోగి పత్తి అంచనాలను స్పెక్యులేటర్లకు చేరవేసినట్లు బయటపడింది. కిటికీ తెరను పైకి, కిందికి జరిపి బయటివారికి సైగ చేసేవాడట! నాటి నుంచి కట్టుదిట్టాలు పెరిగాయి. ముఖ్యమైన పంట నివేదికలను ఆ శాఖ నేటికీ తాళం వేసిన గదుల్లోనే సిద్ధం చేస్తున్నది; విడుదల గంట కొట్టేవరకు లోపలివారికి బయట ఫోను కూడా ఉండదు.