పరాయి నెట్టునుండి పోని ఈమెయిలు

ఇంట నిరాటంకముగ పోవుచుండిన ఈమెయిలు, బంధువుల యింటనో హోటలు గదిలోనో ల్యాప్‌టాప్ తెఱచినంతనే అవుట్‌బాక్సులో నిలిచిపోయి, వచ్చు ఉత్తరములు మాత్రము యథాప్రకారము వచ్చుచుండుట అనేకులకు అనుభవమే. ఇందు వింత లేదు; రాకకు ఐమ్యాప్, పోకకు ఎస్‌ఎంటీపీ, మార్గములే వేఱు.

1982లో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ నియమావళిని ప్రకటించిన నాఁడు, పంపువాఁడెవఁడని నిలదీయు ఆచారము లేకుండెను. ఆ ఔదార్యమును స్పామువర్తకులు దుర్వినియోగము చేయఁగా, ఇంటర్నెట్టు సంస్థలు తమ సర్వరులను చందాదారులకే పరిమితము చేసి, బయటి సర్వరులకు పోవు 25వ పోర్టును (ద్వారమును) సైతము పలుచోట్ల మూసివేసినవి. అందుచేత, ఇంట కనెక్షనును చూచియే మిమ్ము గుర్తించిన సర్వరు, పరాయి నెట్టునుండి అడిగినపుడు ‘రిలే కుదరదు’ అని త్రోసిపుచ్చును. పోర్టే మూసియున్నచో బదులే రాక, గుండ్రని గుర్తు తిరిగి తిరిగి గడువు తీఱిపోవును. ఈ రెండింటి భేదమును కనిపెట్టుటయే, నా దృష్టిలో, సగము చికిత్స.

ఇఁక చికిత్సకు, మెయిలు యాప్‌లోని అవుట్‌గోయింగ్ సర్వరు సెట్టింగులలో 25 ఉన్నచో తీసి, 1998లో వాడుకరులు మెయిలు పంపుటకే కేటాయింపఁబడిన 587ను వేసి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అను గుప్తీకరణ నెన్నుకొని, యూజర్‌నేమ్ పాస్‌వర్డులు అడుగు గడిలో టిక్కు పెట్టవలెను. వచ్చు మెయిలునకు పాస్‌వర్డు ఇచ్చితిమి గదా యని చాలమంది విడుచునది ఈ టిక్కునే! అదియుఁ గుదరనిచో, 2018 నాఁటి నియమము మేలన్న 465ను ప్రయత్నింపవచ్చును. హోటలు వైఫైలో లాగిన్ పుట దాటనిదే యే పోర్టును పనిచేయదు; కావున ముందు బ్రౌజరు తెఱచి చూడుఁడు. ఫోను హాట్‌స్పాటుపై అదే ఉత్తరము పోయినచో, దోషము ఆ వైఫైదే యని యెంచవచ్చును.