సింక్ నీళ్లు అరటికే: బండలు వేసేలోపే పైపు చూసుకోండి

మా వంటింటి పని చివరికొచ్చింది. గోడలకు సున్నం అయింది, కడప బండ అరలు కూర్చున్నాయి. ఇక తాండూరు బండలు పరచడమే మిగిలింది.

సింక్ నీళ్లు బాత్‌రూం లైన్‌లో కలిపేద్దామన్నాడు మేస్త్రీ. నేను ఒప్పుకోలేదు. పెరట్లో అరటి ఏటా ఎండాకాలం నీళ్లు చాలక వాడిపోతోంది. బండలు పడ్డాక పైపు విడదీయాలంటే పగలగొట్టాల్సిందే.

పది అడుగులకు మూడు అంగుళాల వాటంతో వేరే పైపు వేయించి అరటి పాదులోకి వదిలాం. జిడ్డు ఆగడానికి మధ్యలో చిన్న తొట్టి కట్టాం, వారానికోసారి తీసేయాలి. పాదులో కొబ్బరి పీచు, ఎండుటాకులు నింపాం. నీళ్లు పైన నిలిస్తే దోమలే!

పచ్చిగా తినే వాటికి ఈ నీళ్లు పెట్టకండి. గిన్నెలకు కుంకుడు రసం వాడితే మట్టిలో జీవాలకు ఇబ్బంది తక్కువ.

తొట్టి కట్టిన తీరు కింది వీడియోలో చూడండి. మీ ఇంట్లో పని జరుగుతుంటే ఇవాళే మేస్త్రీతో మాట్లాడండి.