మూడక్షరాల మాట, 645 అర్థాలు

ఇంగ్లీషు చదువు మొదలుపెట్టిన తెలుగు పిల్లవాడు తొలిరోజుల్లోనే నేర్చుకొనే క్రియలలో ‘రన్’ ఒకటి. రన్ అంటే పరుగెత్తు. అంతకంటె తేటతెల్లమైన మాట మరొకటి ఉండదనిపిస్తుంది. కొన్నేళ్ళు గడిచాక అదే పిల్లవాడు, జలుబు చేసిన మనిషి ముక్కుకూ ‘రన్’ అనే క్రియే వాడతారని తెలిసి నివ్వెరపోతాడు. హోటలు నడిపే పెద్దమనిషి చేసే పని కూడా ‘రన్’ చేయడమే. ముక్కు పరుగెత్తడమేమిటి? హోటలును పరుగెత్తించడమేమిటి?

బారెడు పొడవున్న మాట ఎదురైతే ఎవరైనా నిఘంటువు తెరుస్తారు. ‘రన్’ కోసం తెరవాలని ఎవరికీ తోచదు. తెలిసిన మాటే కదా! పరీక్షలలోనూ అనువాదాలలోనూ దెబ్బతీసేవి ఇటువంటి తెలిసిన మాటలే. కారు ఒక బాలుణ్ణి ‘రన్ ఓవర్’ చేసిందంటే తొక్కివేసిందని అర్థం. అధ్యాపకుడు పాఠాన్ని ‘రన్ ఓవర్’ చేశాడంటే మరొకసారి తిరగవేశాడని మాత్రమే. దారిలో పాత స్నేహితుడిని ‘రన్ ఇన్‌టు’ అయినవాడు అతనిని ఢీకొనలేదు, అనుకోకుండా కలుసుకున్నాడంతే. అర్ధరాత్రి తొందరలో అనువదించే ఉపసంపాదకుడు ఈ తేడా గమనించకపోతే తెల్లవారేసరికి క్షేమంగా ఉన్నవాడు ఆసుపత్రి పాలవుతాడు.

1989లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండవ కూర్పు వెలువడినప్పుడు అందులో అత్యధికంగా 430 అర్థాలున్న క్రియ ‘సెట్’. తరువాతి పునఃపరిష్కరణలో, 2011 నాటికి, ‘రన్’ దానిని దాటిపోయింది. క్రియగా దీనికి తేలిన అర్థాలు 645. ఈ ఒక్క మాట లెక్క తేల్చడానికి సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది.

ఈ అర్థాలన్నిటినీ కంఠస్థం చేయబూనడం వృథాప్రయాస. కాళ్ళ పరుగుతోపాటు నీటి ప్రవాహం కూడా ఈ మాటకు మొదటినుంచీ ఉన్న అర్థమే. ఆగకుండా సాగిపోవడమనే ఆ భావాన్ని పట్టుకుంటే చాలా ముడులు విడిపోతాయి. నది సాగుతుంది, ముక్కు కారుతుంది, తడిసిన చీర రంగు దిగుతుంది. యంత్రయుగం వచ్చాక మిల్లులూ ఇంజనులూ ఇదే క్రియను అందుకున్నాయి, వాటి వెనుక కంప్యూటరు ప్రోగ్రాములు. అంగుళమైనా కదలని రోడ్డు సైతం ఇంగ్లీషులో ఊరి పక్కగా ‘రన్’ అవుతుంది. క్రికెట్‌లో బంతి హద్దు దాటితే బ్యాటరు అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు లభిస్తాయి. ఆ వింతను తెలుగు కూడా మారు మాటాడకుండా స్వీకరించింది.

తెలుగువాడికి అసలు చిక్కు మరొకచోట ఉంది. ఇంగ్లీషులో పరుగెత్తేవి మన దగ్గర నింపాదిగా నడుస్తాయి: బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, బడి కూడా నడుస్తుంది. సినిమా మాత్రం ఆడుతుంది. హిందీవారు వీటన్నిటినీ ‘చల్‌నా’తో సరిపెట్టుకుంటారు. తమిళులకు బస్సూ గడియారమూ సినిమా అన్నీ ‘ఓడు’తాయి, ఆ మాటకు తమిళంలో పరుగెత్తడమనే అర్థం. చెన్నైలో సినిమా వందరోజులు ‘ఓడింది’ అంటే నిర్మాతకు పండుగ. ఆ మాట విన్న తెలుగువాడు జాలిపడతాడు!

ఎన్నికల సంగతి మరీ తమాషా. అమెరికాలో అభ్యర్థి పదవికోసం ‘రన్’ చేస్తాడు, పరుగెత్తుతాడన్నమాట. బ్రిటనులో అతడు ‘స్టాండ్’ చేస్తాడు. తెలుగుదేశంలో కూడా అభ్యర్థి ఎన్నికలలో నిలబడేవాడే. పరుగులెత్తేది అతని అనుచరులు.

ఇక ఇంట్లో బియ్యం అయిపోతే ఇంగ్లీషువాడు ‘రన్ అవుట్’ అంటాడు. అయిపోయిన దానికి పరుగెందుకని మనం నవ్వవచ్చు. తెలుగు ఇల్లాలు అదే సందర్భంలో ‘బియ్యం నిండుకున్నాయి’ అంటుంది. ఖాళీ డబ్బా చూపించి నిండుకున్నాయని ఎందుకంటారో తెలియాలంటే తెలుగు నేర్చుకొనే ఇంగ్లీషువాడు నిఘంటువు తెరవవలసిందే.