అటక మీది బుల్లి ఇంజనుకు మళ్లీ ఊపిరి

కువైట్ నుంచి వచ్చిన కారు - ముప్పయ్యేళ్ల తర్వాత వినిపించిన చప్పుడు

రాజోలు (మా విలేఖరి): కోనసీమలో ఇంజను అనగానే ఎవరికైనా కాలవ గట్టు మీద టకటకమంటూ నీరు తోడే ఆయిలింజనే గుర్తుకు వస్తుంది. అరచేతిలో ఇమిడిపోయే ఇంజను కూడా ఒకటి ఉన్నదని, అది ఆయిలింజను కన్నా ఇరవై రెట్లు వేగంగా తిరుగుతుందని చెబితే నమ్మేవారు తక్కువ. అటువంటి ఇంజను ఒకటి మలికిపురం మండలంలోని ఒక గ్రామంలో, ఒక ఇంటి అటక మీద ముప్పయ్యేళ్లకు పైగా పడి ఉండి, ఇటీవల మళ్లీ తిరిగింది. దాన్ని తిప్పేందుకు పడిన పాట్లలో ఈ విలేఖరి కూడా పాలు పంచుకున్నాడు. అందులో ఒక తప్పు కూడా చేశాడు. ఆ తప్పు సంగతి దాచకుండా చెప్పడం కూడా ఈ వ్యాసం ఉద్దేశాల్లో ఒకటి.

ఆ ఇంటి యజమాని 1980 దశకంలో కువైట్ వెళ్లి ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా పనిచేశారు. షేకు పిల్లలు ఆడుకుని విసుగెత్తి పక్కన పడేసిన బొమ్మ కారును అడిగి తీసుకుని, 1989లో ఊరికి వస్తున్న తోటి మనిషి చేత కొడుక్కి పంపించారు. మూరెడు పొడవున్న ఆ కారు బ్యాటరీతో నడిచే రకం కాదు. దానికి నిజం ఇంజను ఉంది, టాంకు ఉంది, పొగ గొట్టం ఉంది. లేనిదల్లా ఇంధనమే. విమానంలో దాన్ని రానివ్వరు కదా! కుర్రవాడు ఊళ్లో బంకు నుంచి పెట్రోలు తెచ్చి పోశాడు. ఇంజను కదలలేదు. చివరికి ముందు భాగానికి తాడు కట్టి వీధిలో ఈడ్చుకుని ఆడుకున్నాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ తర్వాత జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానాల్లో సుమారు 1,70,000 మంది భారతీయులను స్వదేశానికి చేర్చారు. వారిలో కోనసీమ వారూ ఉన్నారు. ఈ యజమాని కూడా అలాగే ఒక్క చేతి సంచితో ఇల్లు చేరారు. కువైట్ సంపాదన గుర్తుగా ఆ ఇంట్లో మిగిలింది ఈ కారు ఒక్కటే. “ఇది తిరిగితే చప్పుడు మన చెరువు అవతలి దాకా వినపడుతుందిరా” అని ఆయన కొడుకుతో అనేవారట. ఆయన పోయి కొన్నేళ్లయింది. కొడుకు ఇప్పుడు నలభై దాటి కొబ్బరి వ్యాపారం చేసుకుంటున్నారు. తండ్రి చెప్పిన ఆ చప్పుడు మాత్రం ఆయన ఒక్కసారీ వినలేదు.

బేరం వచ్చింది

ఆ మధ్య ఇల్లు బాగుచేయిస్తూ అటక దులిపినప్పుడు కారు బయటపడింది. దాని ఫొటో ఫోనులో చేతులు మారి మారి నగరంలో ఒక బేరగాడికి చేరింది. ఒక లోడు కాయల మీద మిగిలేంత సొమ్ము ఇస్తానని అతను కబురు చేశాడు. అయితే ఒక షరతు: ఇంజను విప్పరాదు, తిప్పే ప్రయత్నం చేయరాదు, ఉన్నది ఉన్నట్లే అప్పగించాలి.

తుక్కు సామానుకు ఈ షరతు ఎందుకని మనకు అనిపించవచ్చు. ఇటువంటి ఇంజన్లను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలో డూలింగ్ సోదరులు 1940 దశకంలో తయారుచేసిన ఇంజన్లు, ఇటలీలో బొలోన్యా నగరపు సూపర్ టైగర్ ఇంజన్లు, జపాన్‌లో 1936 నుంచి నడుస్తున్న ఓ.ఎస్. కంపెనీ పాత రకాలు వారికి ప్రియమైనవి. మన దేశంలోనూ కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్ వారు అరోరా పేరుతో బుల్లి ఇంజన్లు తయారు చేశారు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరి బొమ్మ విమానాలు ఎగరేసిన వారికి ఇటువంటి ఇంజన్లు పరిచయమే.

సేకరించేవారి లెక్క వేరు. ఒకే రకం లక్షల సంఖ్యలో తయారైతే అది ఎంత పాతదైనా అరుదు కాదు. తక్కువ సంఖ్యలో తయారై, అసలు భాగాలు చెదరకుండా, అట్టపెట్టె, కాగితాలతో సహా ఉంటే దానికి గిరాకీ. ఒక్కసారీ తిప్పనిదైతే ధర మరీ ఎక్కువ. అందుకే వారిలోనే రెండు పక్షాలు ఉన్నాయి. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవారు ఒక పక్షం, తిరగని ఇంజను ఇంజనే కాదని ఏడాదికి ఒకసారైనా తిప్పేవారు రెండో పక్షం.

కొడుకు రెండు రోజులు ఆలోచించారు. “డబ్బు ఈ సీజన్లో కాకపోతే వచ్చే సీజన్లో వస్తదండీ. నాన్నగారు చెప్పిన చప్పుడు ఇంకెక్కడ వినను?” అని బేరం వదులుకున్నారు.

నిప్పురవ్వ లేని ఇంజను

రాజోలులో పంపుసెట్లు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు ఇంజనును తీసుకువెళ్లాం. ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేంటండీ, జామకాయంత లేదు. మాగ్నెట్ ఏదీ? డీజిల్ పంపు ఏదీ? మంట ఎక్కడ పుడతదండీ?” అని అడిగారు.

అడగవలసిన ప్రశ్న అదే. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నుంచి నిప్పురవ్వ వస్తుంది. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా నొక్కిన వేడికే నూనె మండుతుంది. ఈ బుల్లి ఇంజనులో ఈ రెండు పద్ధతులూ లేవు. దీని తల మీద జీడిగింజంత ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గు లోపల ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే తీగ ఎర్రగా కాలుతుంది. ఇంజను అందుకోగానే బ్యాటరీ తీసివేయవచ్చు. అయినా తీగ చల్లారదు. మంట వేడి, నొక్కుడు వేడి ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు ప్లాటినానికి మిథనాల్ ఆవిరి తగిలితే అక్కడికక్కడే వేడి పుట్టే గుణం ఉంది. పెట్రోలుకు ఈ పొత్తు కుదరదు. ఆనాడు కుర్రవాడు పోసిన పెట్రోలు మండకపోవడానికి కారణం ఇదే. ఈ ప్లగ్గును 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన అమ్మకానికి తెచ్చారు. అంతకు ముందు బొమ్మ ఇంజన్లు కూడా కాయిలు, బ్యాటరీ మోసుకుని తిరగవలసి వచ్చేది.

ఇదంతా విన్న మేస్త్రి వెంటనే, “ఆయ్, తెలిసిందండీ. మా గురువుగారు చెప్పేవారు. పాత రైసుమిల్లులో ఇంజను గుండుకు ముందు బ్లోలాంపు పెట్టి ఎర్రగా కాల్చేవారంట. తిరగడం మొదలెట్టాక దీపం తీసేసేవారంట. ఇదీ అదేగదా!” అన్నారు. ఆయన పోలిక సరైనదే. ఇంగ్లండులో అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లో పేటెంటు పొందగా, హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి అమ్మిన వేడి గుండు ఇంజన్లు అటువంటివే. మిల్లులో మనిషి ఎత్తున నిలబడిన ఆ ఇంజనుకూ, ఈ జామకాయంత ఇంజనుకూ మంట పుట్టించే తీరులో చుట్టరికం ఉందన్నమాట.

ఇక బలం సంగతి. ఈ ఇంజను సిలిండరు మూడున్నర సి.సి. మాత్రమే. కాలవ మీది ఆయిలింజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే, ఈ తరగతి ఇంజను 30,000 చుట్ల పైన తిరగగలదు. అంటే సెకనుకు 500 సార్లు మంట పుట్టి ఆరాలి. ఇంతకన్నా పెద్దవైన పది సి.సి. ఇంజన్లు బిగించిన కార్లను ఐరోపాలో నడిమి స్తంభానికి ఉక్కు తీగ కట్టి గుండ్రంగా తిప్పే పందాలు జరుగుతున్నాయి. అందులో గంటకు 300 కిలోమీటర్లు దాటిన కార్లు ఉన్నాయి.

ఆముదం చేసిన మేలు, కీడు

ఈ ఇంజను తాగే ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. దానిలో నైట్రోమీథేన్ కొంత కలుపుతారు. ఆయిలింజనుకు ఉన్నట్లు దీనికి వేరే నూనె తొట్టి ఉండదు కాబట్టి కందెన కూడా ఇంధనంలోనే కలపాలి. పూర్వం నుంచీ ఆ కందెన మన ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో గుండ్రంగా తిరిగే విమాన ఇంజన్లకు కూడా ఆముదమే పోసేవారు. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉండడం దాని గొప్ప. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే.

అయితే వాడకుండా వదిలేస్తే ఆ ఆముదమే ఎండి బంకై, లక్కలా బిగుసుకుపోతుంది. మన ఇంజను పిస్టను ముప్పయ్యేళ్లుగా అందులోనే ఇరుక్కుని ఉంది. మేస్త్రి మొదట కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టారు. ఫలితం లేదు. పట్టుకారుతో తిప్పుదామంటే సన్నని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సేకరించేవారు పాటించే పద్ధతి ఒకటి చదివి ఉండడంతో దాన్ని ప్రయత్నించాం. కార్బొరేటరు, ప్లగ్గు, రబ్బరు చుట్లు ముందుగా విప్పాం. వంటకు పనికిరాని ఒక పాత గిన్నెలో నీరు, లారీ రేడియేటరులో పోసే కూలెంటు కలిపి ఇంజనును అందులో ముంచాం. పెరట్లో కొబ్బరి డొక్కల సెగ మీద, తెర్లనివ్వకుండా కొన్ని గంటలు ఉంచాం. సాయంత్రానికి బంక కరిగి నీరు గోధుమరంగుకు తిరిగింది. మేస్త్రి గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పితే షాఫ్టు కదిలింది. కూలెంటు విషం కనుక ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

విప్పి చూసిన తర్వాత ఆయనకు మరో ఆశ్చర్యం. “పిస్టనుకు రింగులు లేవేంటండీ!” నిజమే, ఈ రకానికి రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టను, క్రోమియం పూత పూసిన ఇత్తడి గొట్టంలో తిరుగుతుంది. గొట్టం పై కొసకు కొద్దిగా సన్నం. చల్లగా ఉన్నప్పుడు పిస్టను పైకి రాగానే పట్టేసినట్లు ఉంటుంది, వేడెక్కాక సరిపోతుంది. ఇది తెలియక గరుకు కాగితంతో రుద్దితే పని ఆఖరు. పూత లేచిపోతే అరుదైన ఇంజనుకు ఆ భాగం మళ్లీ దొరకదు.

పూత బాగానే ఉంది. బేరింగులు మాత్రం మన ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. ముందు బేరింగు 607 నంబరు కావడంతో అమలాపురంలోనే దొరికింది. వెనకది ఇక్కడి దుకాణాల్లో దొరికే సైజు కాదు. దాన్ని నగరం నుంచి తెప్పించేందుకు మూడు వారాలు పట్టింది.

ఈ విలేఖరి చేసిన తప్పు

ఇంధనం నగరం నుంచి సీలు వేసిన డబ్బాలో వచ్చింది. టాంకులో పోసేందుకు వీలుగా ఉంటుందని ఈ విలేఖరి అందులో కొంత ఖాళీ మంచినీళ్ల సీసాలోకి వంచి, అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లాడు. ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఐదేళ్ల పాప దాహమేసి సీసా అందుకుంది. మూత గట్టిగా ఉండి రాకపోవడంతో, తీయమని అమ్మమ్మ చేతికి ఇచ్చింది. ఆమె వాసన చూసి అరవడంతో అందరం పరుగెత్తుకొచ్చాం. మూత కొంచెం వదులుగా ఉండి ఉంటే ఈ వ్యాసం మరో విధంగా ఉండేది.

మిథనాల్ కొద్దిగా లోపలికి పోయినా ప్రమాదమే. పది మిల్లీలీటర్లకే, అంటే రెండు చిన్న చెంచాలకే, చూపు పోవచ్చు. కల్తీ సారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని వచ్చే వార్తల వెనక తరచుగా ఉండేది ఇదే. తాగిన కొన్ని గంటల వరకు ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత కళ్లు మసకబారుతాయి. అప్పటిదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంకో సంగతి, ఎండలో మిథనాల్ మంట కంటికి కనపడదు. చేతికి తగిలేదాకా తెలియదు.

ఏడు నిమిషాలు

మొన్న ఆదివారం పొద్దున ఇంజనును టేకు దిమ్మకు బోల్టులతో బిగించారు. ఫ్లైవీలు తొడిగారు, అది లేకుండా తిప్పకూడదు. మేస్త్రి డ్రిల్లింగ్ మిషనుకు రబ్బరు బుష్ బిగించి షాఫ్టు కొసకు ఆనించారు. ప్లగ్గుకు బ్యాటరీ తగిలించారు. మొదటి నాలుగుసార్లు దగ్గి ఆగింది. ఇంధనం సూదిని అర చుట్టు విప్పాక అయిదోసారి అందుకుంది.

అది ఆయిలింజను చప్పుడు కాదు. వెయ్యి తుమ్మెదలు ఒక్కసారి చెవిలో దూరినట్లు గీపెట్టింది. చెరువు అవతల బట్టలు ఉతుకుతున్నవారు తలెత్తి చూశారు. ఆముదం పొగ పెరడంతా కమ్ముకుంది. వేగం పెంచకుండా, ఇంధనం కాస్త ఎక్కువగానే ఇస్తూ ఏడు నిమిషాలు తిప్పి, టాంకు ఖాళీ కాగానే ఆపారు. కొడుకు ఏమీ మాట్లాడలేదు. తల్లి మాత్రం వసారాలో కూర్చుని, “ఆయన చెప్పినప్పుడు గొప్పలనుకున్నాను. నిజమే చెప్పారు” అన్నారు.

కారు మాత్రం పరుగెత్తలేదు. టైర్లు బీటలు వారాయి, రేడియో పెట్టె పనిచేయడం లేదు. వాటి సంగతి తర్వాత చూద్దామంటున్నారు. ఇంజనులో మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా కాల్చివేసి, లోపల పలచని మిషను నూనె చుక్కలు వేసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుని తుప్పు తెస్తుంది కనుక తిప్పిన ప్రతిసారీ ఇలా చేయక తప్పదు.

గల్ఫ్ నుంచి వచ్చిన ఇటువంటి కార్లు మన ఊళ్ల అటకల మీద మరికొన్ని ఉండవచ్చు. ఉన్నవారు వాటిని తుక్కు కింద తూకానికి వేయవద్దు. పెట్రోలు పోయవద్దు. బిగుసుకుంటే బలవంతంగా తిప్పవద్దు. ఇంధనం తెప్పిస్తే దాని డబ్బాలోనే ఉంచి, విషమని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందకుండా తాళం వేయండి. మంచినీళ్ల సీసాలో మాత్రం ఎన్నడూ పోయకండి.